రెండున్నరేళ్ల చికిత్సకు ఊరి వంతులు: తల్లిదండ్రులు లేని ఒక పాప కేసు

పిల్లల క్యాన్సర్ వార్డుల్లో పనిచేసే సోషల్ వర్కర్లు, జిల్లా బాలల సంరక్షణ విభాగం సిబ్బంది, ఊళ్లో ఇలాంటి బిడ్డకు అండగా నిలవాలనుకునే పెద్దలు చదువుకోవడానికి ఈ కేసు రాస్తున్నాం. ఊరు, జిల్లా, ఆసుపత్రి పేర్లు ఇవ్వలేదు. పాపను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాం. మందులు, వాటి లెక్క, ఏది ఎప్పుడు జరిగిందన్న వరుస మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్‌లో ఒక మెట్ట ప్రాంతపు పల్లె. పాపకు ఎనిమిదేళ్లు, తమ్ముడికి ఐదు. తండ్రి పోయిన రెండేళ్లకు తల్లి కూడా జబ్బుపడింది. ఆసుపత్రిలో చేరి తిరిగి రాలేదు. పిల్లలిద్దరూ అమ్మమ్మ దగ్గర ఉన్నారు. ఆమెకు అరవై దాటాయి. బీపీ, షుగరు ఉన్నాయి. కూలికి వెళ్తేనే ఇల్లు గడుస్తుంది, సంతకం రాదు. మేనమామ బెంగళూరులో తాపీ పని చేసుకుంటున్నాడు. బాబాయి పక్క మండలంలో ఉంటాడు. తండ్రి వాటాకు వచ్చిన ఎకరంన్నర ఆయన సాగులోనే ఉంది.

జబ్బు జ్వరంతో మొదలైంది. తగ్గడం, మళ్లీ రావడం. రాత్రిళ్లు కాళ్లు లాగుతున్నాయని ఏడ్చేది. ఊరి ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు చేశాడు, మాత్రలిచ్చాడు. రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చేది. నెలన్నర అలాగే గడిచింది. చివరికి ఆశా కార్యకర్త పాప అరచేతులు తెల్లగా పాలిపోవడం, దెబ్బ తగలకుండానే తొడల మీద నల్లటి కమిలిన మచ్చలు రావడం చూసి పీహెచ్‌సీకి తీసుకెళ్లింది. హిమోగ్లోబిన్ 5.4, ప్లేట్‌లెట్లు 16,000, తెల్ల కణాలు 22,000. అక్కడి నుంచి సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని పెద్దాసుపత్రికి పంపారు. ఎముక మూలుగ పరీక్షలో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, బి-సెల్ రకం అని తేలింది.

వయసు పదేళ్ల లోపు, తెల్ల కణాలు 50,000 లోపు ఉంటే ఈ జబ్బులో తక్కువ ముప్పు వర్గంలోకి వస్తారు. చికిత్స మధ్యలో మానకపోతే నయమయ్యే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయం వెనకా ఉన్నది ఈ ఒక్క విషయమే. పాప ప్రాణానికి జబ్బుతో సమానంగా ముప్పు తెచ్చేవి రెండున్నాయి: చికిత్స మధ్యలో ఆగిపోవడం, మధ్యలో ఇన్‌ఫెక్షన్ సోకడం.

వర్గం ఖాయం చేసేముందు ఒక చిన్న పని పడింది. ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే అది లుకేమియాను కొంత అణచిపెడుతుంది, అప్పుడు పరీక్షలు తప్పుదారి పట్టిస్తాయి. నిలదీస్తే ఆయన ఏదీ చెప్పడు. అందుకని ఆశా ద్వారా, గొడవేమీ లేదని ముందే చెప్పించి, ఏ మాత్ర ఎన్ని రోజులు ఇచ్చారో చీటీ రాయించి తెప్పించాం. మూడు రోజుల కోర్సు అని తేలింది. డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకునే వర్గం నిర్ణయించారు. ఆయనతో ఇలా తగవు పడకుండా ఉండటం తర్వాత మరో రకంగా కలిసొచ్చింది.

సంతకం ఎవరిది?

చికిత్స సమ్మతి పత్రం మీద ఎవరు సంతకం పెట్టాలన్నది మొదటి చిక్కు. అమ్మమ్మ వేలిముద్ర వేస్తానంది. బాబాయి ఫోన్‌లో "మా వంశం బిడ్డ, నేను రాకుండా ఏదీ చేయొద్దు" అన్నాడు. రెండు రోజులకు వచ్చి, ఎకరంన్నర అమ్మి ప్రైవేటులో చూపిద్దామన్నాడు. వినడానికి త్యాగంలా ఉంది. కానీ మైనరు ఆస్తిని కోర్టు నియమించిన సంరక్షకుడు కాని బంధువు అమ్మడానికి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం (1956) ఒప్పుకోదు. పైగా చికిత్స ఖర్చు ఆరోగ్యశ్రీలో (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) వస్తుంది, అమ్మాల్సిన అవసరమే లేదు. భూమి ఒక్కటే ఈ పిల్లలిద్దరికీ మిగిలిన ఆస్తి. జబ్బు నయమయ్యాక వాళ్లు బతకాల్సింది దాని మీదే.

ప్లేట్‌లెట్లు అంత తక్కువగా ఉన్న బిడ్డకు కాగితాల కోసం ఆగడం కుదరదు. పాప ఎవరి ఆలనాపాలనలో ఉందో ఆ అమ్మమ్మ ఒప్పుకోలుతోనే డాక్టర్లు చికిత్స మొదలుపెట్టారు. అదే రోజు బాలల సంక్షేమ సమితికి (సంరక్షణ అవసరమైన పిల్లల గురించి నిర్ణయాలు తీసుకునే జిల్లా సంస్థ) రాతపూర్వకంగా తెలియజేశాం. అమ్మమ్మ బెదిరిపోయింది. సమితి అంటే బిడ్డను హాస్టల్లో వేసేస్తారని ఊళ్లో ఎవరో చెప్పారు. ఈ భయం చాలా ఇళ్లలో ఉంటుంది, దాన్ని తీర్చకుండా ముందుకు వెళ్లకూడదు. బాల న్యాయ చట్టం (2015) కింద సమితి బిడ్డను బంధువు దగ్గరే ఉంచి, ఆ బంధువును బిడ్డను చూసుకోవడానికి 'తగిన వ్యక్తి'గా గుర్తించవచ్చు. మనం అడిగేది ఆ ఉత్తర్వే అని ఆమెకు అర్థమయ్యేదాకా కూర్చుని చెప్పాలి.

కౌంట్లు (రక్తకణాల సంఖ్య) పడిపోయిన బిడ్డను సమితి ముందుకు తీసుకెళ్లలేమని డాక్టర్ సర్టిఫికెట్ జతచేస్తే, సభ్యురాలే వార్డుకు వచ్చి మాట్లాడారు. ఉత్తర్వులో మూడు విషయాలు రాయించాం: పాప, తమ్ముడు ఇద్దరూ అమ్మమ్మ సంరక్షణలో ఉంటారు, వైద్యానికి ఒప్పుకోలు ఇచ్చే హక్కు ఆమెది, ఆమె అందుబాటులో లేనప్పుడు పిన్ని (తల్లి పినతల్లి కూతురు) సంతకం చెల్లుతుంది. మూడోది అడగడం చాలామంది మర్చిపోతారు. షుగరున్న అరవై ఏళ్ల మనిషి మీద రెండున్నరేళ్ల చికిత్స మొత్తం ఆనుకుని ఉన్నప్పుడు రెండో పేరు లేకపోతే ఎలా?

బాబాయితో కయ్యం పెట్టుకోలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పిల్లలకు ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. అక్కడి వకీలు ఆయన్ని కూర్చోబెట్టి, సాగు ఆయనే చేసుకోవచ్చనీ, కౌలు మాత్రం పిల్లల పేరున బ్యాంకులో వేయాలనీ రాయించారు. మొదటి ఏడాది వేశాడు. రెండో ఏడాది సగమే వేశాడు.

కార్డు, ఆధార్

పిల్లల పేర్లు చనిపోయిన తల్లిదండ్రుల రేషన్ కార్డు మీదే ఉండిపోయాయి. వాటిని అమ్మమ్మ కార్డులోకి మార్చడానికి ఇద్దరి మరణ ధ్రువపత్రాలు, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు సచివాలయంలో ఇవ్వాలి. అక్కడ పాప ఆధార్ ఈ-కేవైసీ కాలేదు. చిన్నప్పుడు తీసిన ఆధార్‌కు ఐదేళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాప ఇచ్చి నవీకరించాలి. తల్లి జబ్బులో అది ఎవరికీ గుర్తులేదు. వార్డులో ఉన్న బిడ్డను ఆధార్ కేంద్రం వరుసలో నిలబెట్టలేం. కౌంట్లు కోలుకున్న వారంలో, కేంద్రం తెరవగానే మొదటి టోకెన్ ఊరివాళ్లు తీసిపెట్టి, మాస్కు పెట్టి తీసుకెళ్లి పది నిమిషాల్లో ముగించారు. అప్పటిదాకా ఆరోగ్యశ్రీ పథకం అనుమతి తాత్కాలికంగా నడిచింది. ఇలాంటి కేసు చేతికి రాగానే కార్డులో పేరు, ఆధార్ నవీకరణ రెండూ ముందే చూసుకోవాలి. మొదటి నెలలో ఇవి ఆగితే ఆసుపత్రి బిల్లు ఊరి చందా మీద పడుతుంది.

మిషన్ వాత్సల్య (కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం) స్పాన్సర్‌షిప్ నెలకు 4,000 రూపాయలు. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలు దీనికి అర్హులు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. సమితి ఉత్తర్వు ఉంది కాబట్టి దరఖాస్తు సులువైంది. డబ్బు మాత్రం నెలనెలా పడలేదు, కొన్ని నెలలది ఒకేసారి పడేది. దాన్ని నమ్ముకుని నెల ఖర్చు వేసుకోకూడదు. వెనక నిల్వగా చూసుకోవాలి.

ఊరు ఒక్కసారిగా కదిలింది

చెడ్డ కబురు తెలిసిన మొదటి మూడు వారాల్లో ఊరు చేయగలిగిందంతా చేసింది. అందులో చాలా భాగం అక్కరకు రాకుండా పోయింది. ఎందుకు పోయిందో వివరంగా చెప్పాలి.

రక్తంతో మొదలుపెడదాం. పాపకు రక్తం కావాలనగానే ఇరవై ఇద్దరు కుర్రాళ్లు ఒకే రోజు వ్యానులో వచ్చి రక్తమిచ్చి వెళ్లారు. పాపకు ఆ రోజు కావలసింది ఒక యూనిట్ ఎర్ర కణాలు, ప్లేట్‌లెట్లు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. రక్తమిచ్చిన మగవారు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు, ఆడవారైతే 120 రోజులు ఆగాలి. యంత్రంతో ప్లేట్‌లెట్లు మాత్రమే ఇవ్వాలన్నా, మామూలు రక్తమిచ్చాక 28 రోజులు గడవాలి. పన్నెండో రోజున పాప ప్లేట్‌లెట్లు 8,000కు పడి ముక్కు నుంచి రక్తం కారినప్పుడు, ముందుకొచ్చిన కుర్రాళ్లలో రక్తమివ్వడానికి అర్హుడు ఒక్కడూ మిగల్లేదు.

తర్వాత పద్ధతి మార్చాం. మిగిలిన ఊరివాళ్లు, పక్క ఊరి వాళ్లలో 18 నుంచి 65 ఏళ్ల మధ్య, 45 కిలోలకు పైబడి ఉన్నవారి పేర్లు, గ్రూపు, ఆఖరుసారి ఇచ్చిన తేదీ ఒక పుస్తకంలో రాయించాం. ఒక కుర్రాడికి ఆ పుస్తకం అప్పగించాం. ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తేనే ఇద్దర్ని పంపాలి, ముగ్గుర్ని కాదు. ఊళ్లో హిమోగ్లోబిన్ 12.5 కంటే తక్కువున్న కుర్రాళ్లు చాలామందే తేలారు. అందుకే ఇద్దర్ని పంపమన్నది: ఒకరు తిరస్కరణకు గురైనా రెండోవారు ఉంటారు.

పరామర్శ రెండోది. ఆటోల్లో వచ్చేవారు. పళ్ల ముక్కలు, గుడి ప్రసాదం, ఇంట్లో చేసిన పచ్చళ్లు తెచ్చేవారు. దగ్గుతూ మంచం మీద కూర్చునేవారు. తెల్ల కణాలు దాదాపు లేని బిడ్డ ఆమె. రావద్దంటే ఊరు నొచ్చుకుంటుంది, నొచ్చుకున్న ఊరు మూడో నెలలో మొహం చాటేస్తుంది. అందుకని రావద్దనకుండా, వచ్చే పనిని మార్చాం. వార్డు కిటికీ బయట నుంచి చెయ్యూపడం, వీడియో కాల్, అమ్మమ్మకు భోజనం. పాపకు తేవాలంటే తొక్క తీసి తినే పళ్లు, అరటి, కమలా, కడిగి మాత్రమే. వండినది వేడిగా ఉన్నప్పుడే పెట్టాలి, నీళ్లు కాచి చల్లార్చినవే తాగించాలి.

ఫొటో వ్యవహారం అన్నిటికంటే చెడ్డది. ఒక కుర్రాడు పాప బోడి తల, మాస్కు మొహం ఫొటో తీసి, తన సొంత నంబరు క్యూఆర్ కోడ్‌తో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. మనసు మంచిదే. మూడు రోజుల్లో అది జిల్లా అంతా తిరిగింది. వేరే నంబరు అతికించిన నకిలీ పోస్టులు కూడా పుట్టాయి. పాప తన ఫొటోను ఎవరి ఫోన్లోనో చూసింది. ఆ తర్వాత వారం రోజులు దుప్పటి మొహం మీద నుంచి తీయలేదు. సంరక్షణ అవసరమైన బిడ్డ గుర్తింపు బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఒప్పుకోదు. ఈ మాట సర్పంచితో చెప్పించి స్టేటస్ నుంచి ఫొటో తొలగింపజేశాం. చందా పోస్టులో పేరు, ఊరు, మొహం ఏదీ లేకుండా 'ఎనిమిదేళ్ల బాలిక చికిత్స ఖర్చులకు' అని మాత్రం రాయించాం. అలా రాసిన పోస్టుకు డబ్బు తక్కువ వస్తుంది. రానివ్వండి.

1,86,000 రూపాయల లెక్క

మొదటి మూడు వారాల్లో వచ్చిన చందా ఇది. మొదటి నెలలోనే 40,000 అయిపోయింది: ట్యాక్సీలు, బయట ల్యాబులో చేయించిన పరీక్షలు, లాడ్జి. పథకంలో ఉచితంగా వచ్చే పరీక్షకే కంగారులో బయట డబ్బు కట్టారు. మూడో నెల నుంచి కొత్త చందా దాదాపు ఆగిపోయింది.

మిగిలింది 1,46,000. ఊరి పెద్దలతో కూర్చుని లెక్క వేశాం. మొదటి ఎనిమిది నెలలు కీమో ఎక్కువ, ప్రయాణాలూ ఎక్కువ: నెలకు 6,500 చొప్పున 52,000. మిగతా 22 నెలలు మాత్రల దశ, నెలకొక్కసారి రావడం: నెలకు 2,000 చొప్పున 44,000. జ్వరం వచ్చి అర్ధరాత్రి పరుగెత్తే ఖర్చుకు 30,000. పథకంలోకి రాని పరీక్షలు, మందులకు 40,000. మొత్తం 1,66,000. లోటు 20,000 మాత్రమే. స్పాన్సర్‌షిప్‌లో ఐదు నెలలది వస్తే అదీ తీరుతుంది. ఈ కాగితం చూపించాక ఊళ్లో చందా ఒత్తిడి పోయింది, ఇంకా లక్షలు కావాలన్న బెంగ తగ్గింది. దానివల్లే అసలు అడగాల్సింది అడగగలిగాం. కావలసింది మనుషులు.

డబ్బు కుర్రాడి ఖాతా నుంచి తీసి, బడి హెడ్మాస్టరు, గ్రామ సంఘం యానిమేటర్ ఇద్దరి సంతకంతో నడిచే ఖాతాలో వేశారు. నెలకోసారి జమాఖర్చు రామాలయం గోడకు అంటించారు. రైలులో వచ్చే రోజుల్లో క్యాన్సర్ రోగి రాయితీ వాడుకున్నారు: స్లీపర్‌లో రోగికి పూర్తిగా, తోడు వచ్చినవారికి 75 శాతం. దానికి డాక్టర్ నింపిన ఫారం ఉండాలి, డిశ్చార్జి కాగితం చూపిస్తే ఇవ్వరు.

తోడు ఎవరుండాలి

పొదుపు సంఘాల ఆడవాళ్లు వంతులు వేసుకుంటామన్నారు. తొమ్మిదిమంది, తలా మూడు రోజులు. కాగితం మీద చక్కగా ఉంది. రెండు వారాల్లో పాప తినడం తగ్గించింది. వెన్నులో ఇంజెక్షన్ చేసే రోజున ఎవరు పట్టుకున్నా గింజుకునేది. స్టెరాయిడ్ల వల్ల మామూలుగా ఈ దశలో పిల్లలు ఆకలి ఆకలి అని ఏడుస్తారు, తిండి మానరు. కారణం జబ్బులో లేదు. అమ్మా నాన్నా ఇద్దరూ మాయమైన బిడ్డకు మూడు రోజులకోసారి మొహం మారడం మళ్లీ అదే అనుభవం. కొత్తవాళ్లు వచ్చారంటే పాతవాళ్లు పోయారని అర్థం.

తొమ్మిదిని మూడుకు తగ్గించాం: అమ్మమ్మ, పిన్ని, సంఘంలో పాపకు బాగా చనువున్న ఒకావిడ. వంతు మారే రోజు ఇద్దరూ సగం రోజు కలిసి ఉండాలి. "నేను ఇంటికెళ్లి ఆదివారం వస్తాను" అని పాపతో చెప్పే వెళ్లాలి, నిద్రలో ఉండగా వెళ్లిపోకూడదు. చెప్పిన రోజు రావాలి. మిగతా ఆరుగురికి ఊళ్లోనే పనులు పడ్డాయి: తమ్ముడి భోజనం, బడికి పంపడం, గేదె, అమ్మమ్మ షుగరు మాత్రలు. తమ్ముణ్ణి మొదట్లో అందరూ మర్చిపోయారు. వాడు పక్క తడపడం మొదలుపెట్టాక గానీ ఎవరి దృష్టీ పడలేదు. తర్వాత వాడిక్కూడా ఒకే ఇల్లు, ఒకే మనిషి ఏర్పాటైంది.

తోడున్న ఇద్దరు ఆడవాళ్లకు రోజుకు ఉపాధి పనికి వచ్చేంత కూలి ఇచ్చాం. ఇది ఊళ్లో కొంతమందికి నచ్చలేదు. సేవకు డబ్బేమిటన్నారు. కూలి మానుకుని ఆసుపత్రిలో కూర్చునే మనిషికి ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ఉచిత సేవ రెండు మూడు నెలలకు మించి నిలవదు. ఈ చికిత్స 30 నెలలు సాగాలి.

వంతు పుస్తకంలో రోజూ రాయాల్సినవి ఐదే: జ్వరం ఎంత, ఏం తింది, విరేచనం అయిందా, నోట్లో పుండ్లున్నాయా, డాక్టర్ ఏం చెప్పారు. విరేచనం ఎందుకంటే, విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వల్ల పేగుల కదలిక మందగిస్తుంది. మూడు రోజులు కాకపోతే చెప్పాలి. అమ్మమ్మ వంతులో పక్క మంచం పిల్లవాడి తల్లి రాసిపెట్టేది.

ఏడు మాత్రలు

ఎనిమిది నెలల తర్వాత మాత్రల దశ మొదలైంది. పాప కొలతకు మెర్కాప్టోప్యూరిన్ 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి, మెథోట్రెక్సేట్ 2.5 మిల్లీగ్రాములవి వారానికి ఒకే రోజు ఏడు, సెప్ట్రాన్ (ఇన్‌ఫెక్షన్ సోకకుండా వేసే మందు) వారానికి రెండు రోజులు. (ఈ డోసులు ఈ బిడ్డకు మాత్రమే. కౌంట్లను బట్టి మారుతూ ఉంటాయి.) కౌంటర్లో నాలుగు వారాలకు 28 మెథోట్రెక్సేట్ మాత్రలిచ్చి "వారానికి ఏడు" అన్నారు. వారానికి ఏడు రోజులు, ఏడు మాత్రలు. అమ్మమ్మ రోజుకొకటి వేసింది.

మెథోట్రెక్సేట్ వారానికి ఒకరోజు పడితే మిగతా ఆరు రోజుల్లో శరీరం తేరుకుంటుంది. రోజూ పడితే ఆ విరామం ఉండదు. రెండు వారాలకు నోరంతా పూసి, మింగలేక, కౌంట్లు పడిపోయి వచ్చింది. స్ట్రిప్పులు లెక్కపెడితే సరిగ్గా 14 మిగిలాయి, సరిగా వాడినా అంతే మిగలాలి. మాత్రలు లెక్కపెట్టే పద్ధతి ఇక్కడ దేన్నీ పట్టుకోలేదు. "నిన్న ఏం వేశావో నా చేతిలో పెట్టి చూపించమ్మా" అని అడిగిన నర్సు పట్టుకుంది. మాత్రలు ఆపి, విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్, యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మూడు వారాల చికిత్స పోయింది.

దీనికి తెలుగులో పెద్దక్షరాలతో చీటీ రాస్తే చాలదు, అమ్మమ్మకు చదువు రాదు. ఆమెకు వారాలు మాత్రం పక్కా. శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటుంది. అందుకని మెథోట్రెక్సేట్‌ను శనివారానికి మార్చాం. ఆసుపత్రిలోనే ఏడేసి మాత్రలు నాలుగు కవర్లలో వేయించాం. కవర్లు ఇంట్లో పెట్టనివ్వలేదు. అంగన్‌వాడీ టీచరు దగ్గర ఉంచాం. శనివారం సాయంత్రం ఆమె ఒక కవరు తెచ్చి, తన కళ్లముందు మింగించి, ఖాళీ కవరు తీసుకెళ్తుంది. ఇంట్లో లేని మందును రోజూ వేయడం కుదరదు. సెప్ట్రాన్ సోమ, మంగళ అని కుదిరింది. గోడ మీద తిథుల క్యాలెండర్లో శనివారాల మీద పసుపు బొట్టు, సోమ మంగళవారాల మీద కుంకుమ బొట్టు పెట్టారు. కీమో మాత్రలను గర్భిణులు ముట్టుకోకూడదు, వాటిని విరవకూడదు, పొడి చేయకూడదు. ఇది కవరు ఇచ్చే ప్రతి మనిషికీ చెప్పాలి.

జ్వరం రాత్రి

కీమోలో ఉన్న బిడ్డకు 101 డిగ్రీల ఫారన్‌హీట్ ఒక్కసారి వచ్చినా, 100.4 గంటసేపు ఉన్నా అత్యవసరమే. క్యాజువాలిటీకి చేరిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలి. మన ఊళ్లలో అక్కడికి చేరకముందే సమయం ఇలా పోతుంది: ముందు పారాసెటమాల్ వేస్తారు, తగ్గినట్టు కనిపిస్తుంది, తెల్లారి చూద్దామంటారు. లేదా ఆర్‌ఎంపీ కండలో ఇంజెక్షన్ చేస్తాడు. ప్లేట్‌లెట్లు తక్కువున్న బిడ్డకు అక్కడ రక్తం గడ్డకడుతుంది, చీము పడుతుంది.

ఊళ్లో జ్వరమనగానే అందరి కాళ్లూ ఆర్‌ఎంపీ ఇంటివైపే పోతాయి. ఆయన్ని తప్పించుకుని ఏర్పాటు చేయడం కంటే ఆయనకే పని అప్పగించడం మేలనుకున్నాం. డిజిటల్ థర్మామీటర్ ఆయన దగ్గర ఒకటి. చూసి, రాసి, బండి పిలవాలి. మాత్ర వద్దు, సూది వద్దు. పెద్దాసుపత్రి 200 కిలోమీటర్లు కాబట్టి మొదటి డోసు 25 కిలోమీటర్ల ఏరియా ఆసుపత్రిలో వేయించి, ఆ తర్వాతే 108లో పైకి పంపాలి. అక్కడి డ్యూటీ డాక్టర్‌కు రాత్రి పూట కథంతా చెప్పే మనిషి ఉండడు. లామినేట్ చేసిన కార్డు ఒకటి పాప మెడలో సంచిలో ఉంచాం. ముందువైపు: జబ్బు పేరు, కీమో దశ, 'బ్లడ్ కౌంట్ రిపోర్టు కోసం ఆగకుండా మొదటి డోసు ఇవ్వండి, కండలో ఇంజెక్షన్ వద్దు'. వెనక: మా డాక్టర్ రాసిన యాంటీబయాటిక్, బరువును బట్టి డోసు, ఫోన్ నంబరు. బరువు మారినప్పుడల్లా కార్డు మార్చాం.

ఇంత చేసినా ఒక జ్వరం పన్నెండు గంటలు బయటపడలేదు. పిన్ని థర్మామీటర్ పెట్టిన ప్రతిసారీ 97 చూపించింది. ఒళ్లు మాత్రం పేలిపోతోంది. దుప్పటి తీసి చూస్తే, పాప చేయి ఎత్తి మెటల్ మొన చంకకు తగలకుండా గౌను మీదికి జరిపి పట్టుకుంది. జ్వరముంటే ఆసుపత్రి, ఆసుపత్రికెళ్తే అమ్మ తిరిగి రాలేదు. పాప లెక్క అది.

అప్పటిదాకా ఇంట్లో పాపకు జబ్బు పేరు చెప్పలేదు, అమ్మ ఎలా పోయిందో కూడా చెప్పలేదు. దాచడం ప్రేమ అనుకున్నారు. ఈ మధ్యలో పక్కింటావిడ "తల్లినీ తండ్రినీ మింగింది, ఇప్పుడు తన వంతు" అన్న మాట పాప విన్నది. అమ్మమ్మతో ముందు ఒక పూట మాట్లాడి, ఆమె నోటితోనే చెప్పించాం. ఎనిమిదేళ్ల బిడ్డకు నాలుగు విషయాలు తెలియాలి: జబ్బు పేరు, అది ఒకరి నుంచి ఒకరికి అంటదు, పాప వల్ల, పాప చేసిన తప్పు వల్ల రాలేదు, అమ్మ జబ్బు వేరు, పాప జబ్బు వేరు. పాప అడిగింది ఒకటే: "నేనూ చచ్చిపోతానా?" ఏం కాదు అని కొట్టిపారేయకూడదు, అబద్ధమని పిల్లలకు తెలుస్తుంది. "ఈ జబ్బుకు మందుంది, చాలామంది పిల్లలు బాగయ్యారు, జ్వరం దాస్తే మాత్రం ప్రమాదం" అని చెప్పింది అమ్మమ్మ. ఆ తర్వాత జ్వరం చూసే పని పాపకే ఇచ్చాం. తనే పెట్టుకుని, తనే చదివి, తనే పుస్తకంలో రాస్తుంది. దాచిన సందర్భం మళ్లీ రాలేదు.

బడి

మాత్రల దశలో కౌంట్లు నిలకడైనప్పుడు బడికి వెళ్లింది. క్లాసులో ఎవరికైనా అమ్మవారు పోస్తే (ఆటలమ్మ) ఊళ్లో బయటికి చెప్పరు, వేపాకు కట్టి ఇంట్లో ఉంచుతారు. కీమోలో ఉన్న బిడ్డకు అది ప్రాణాంతకం కావచ్చు. సోకిన బిడ్డ పక్కన కూర్చున్న నాలుగు రోజుల్లోపు ఆసుపత్రికి తెలిస్తే ముందస్తు మందు ఇవ్వవచ్చు. అందుకే టీచరుకు ఒకటే మాట చెప్పాం: ఏ పిల్లకు అమ్మవారు పోసినా అదే రోజు ఫోన్ చేయండి. ఒకసారి చేశారు, మందు పడింది, పాపకు రాలేదు.

ఇప్పటి పరిస్థితి

చికిత్స పూర్తయింది, మూడు వారాల విరామం తప్ప ఎక్కడా ఆగలేదు. జబ్బు తిరగబెట్టే ముప్పు మొదటి రెండేళ్లలో ఎక్కువ కాబట్టి కౌంట్ల పరీక్షకు క్రమం తప్పకుండా రావాలి. చికిత్స ముగిసిన ఆరు నెలలకు టీకాలు మళ్లీ మొదలవుతాయి. అప్పటిదాకా జ్వరం నియమం, మెడలోని కార్డు అలాగే ఉంటాయి. మందులు ఆగాయి కదా అని బండి ఏర్పాటు ఎత్తేస్తామని ఊళ్లో అన్నారు, ఆరు నెలలు ఉంచమని ఒప్పించాం. నిధిలో 11,400 మిగిలింది, దాన్ని ఈ ప్రయాణాలకు కేటాయించారు. అమ్మమ్మ చూపు తగ్గుతోంది. సమితి ఉత్తర్వును పిన్ని పేరుకు మార్చే దరఖాస్తు వేశాం. బాబాయి బాకీపడ్డ కౌలు ఇంకా రాలేదు, వకీలు నోటీసు పంపారు.